తమ్ముడు చదివే బ్లాగు

ఫుసిని బ్లాగు ఎందుకు రాస్తున్నావని అడిగితే మనిషికో సమాధానం చెప్పేది. పాస్టరుగారు అడిగితే, ఆక్లండులో పుట్టిన మన పిల్లలు టోంగా భాష మర్చిపోతున్నారు కదండీ, వాళ్ళ కోసం అనేది. చాపలల్లే ఆడవాళ్ళు అడిగితే, మొగుడు లేనిదానికి పొద్దుపోవద్దటే అనేది. మరదలు వీకా అడిగితే, టైపు కొట్టడం వచ్చి కూడా వేళ్ళు ముడుచుకు కూర్చోమంటావా అని ఎదురడిగేది. అన్నీ నిజాలే. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషి, నోటివెంట అబద్ధం రాదు. కాకపోతే అసలు ఎవరి కోసం రాస్తోందో ఆమెకే ఐదేళ్ళదాకా తెలియలేదు. తెలిసిన రోజున మాత్రం, చెప్పొద్దూ, సిగ్గుతో చచ్చిపోయింది.

రాయడం మొదలుపెట్టింది మొగుడు తానియెలా పోయిన ఏడాది. ఆయన సముద్రంలో మునిగి చిప్పలు తెచ్చేవాడు. పిల్లల్లేరు. బడి నుంచి రిటైరయ్యేటప్పుడు ఆమె మెళ్ళో పూలదండ వేసి, బడిలో మూలపడి ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి చేతిలో పెట్టి పంపారు. ఇల్లు చూస్తే బోసిగా ఉంది. పొద్దున లేచి ఎవరికి ఏం చెప్పాలో తోచదు. అలా ఒకరోజు టీ కాచుకుని కూర్చుని, ఈ ఇంట్లో రెండు కప్పులు ఉండటం అనవసరం అని ఒక ముక్క రాసి బ్లాగులో పెట్టింది. మర్నాడు ఇంకో ముక్క. వాన కురిస్తే వాన గురించి, చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి మాంసం చుట్టడం ఎవరికి చేతకాదో వాళ్ళ గురించి, పక్కింటి పంది తన పెండలం పాదు తవ్వేసిన సంగతి, ఇలా.

చాపలల్లే ఇంటి ముచ్చట్లు చేరాక బ్లాగుకి ఊపొచ్చింది. టోంగాలోని మా వవావు దీవిలో ఊరి ఆడవాళ్ళంతా ఒకచోట కూర్చుని మొగలాకు చాపలు అల్లుతారు. అక్కడికి మగపురుగు రాదు, కాబట్టి మాటకి కళ్ళెం ఉండదు. డెబ్భై ఏళ్ళ కెలేసి మామ్మ నోరు విప్పిందంటే కొత్తగా పెళ్ళైన పిల్లలు చెవులు మూసుకుని వేళ్ళ సందుల్లోంచి వింటారు. ఫుసి ఆ కబుర్లన్నీ పేర్లు మార్చి రాసేది. పేర్లు మార్చినా ఎవరెవరో అందరికీ తెలిసేది, అదొక సరదా. తన సంగతులూ దాచుకోలేదు. నెలసరి ఆగిపోయేటప్పుడు ఒంట్లోంచి వచ్చిన ఆవిర్లూ, తానియెలా చల్లటి పాదాలు తెచ్చి తన కాళ్ళకి ఆనించే అలవాటూ, ఆ పాదాల కోసం ఇప్పుడు పక్కమీద వెతుక్కోవడమూ అన్నీ రాసింది. చదివేది ఆడవాళ్ళే కదా అని ఆమె ధైర్యం. ఇక్కడి ఆడవాళ్ళు, ఆక్లండు ఆడవాళ్ళు, సిడ్నీ ఆడవాళ్ళు. మగవాళ్ళకి చేపల వేటా, కావా వేరు కషాయం తాగడమూ, రగ్బీ ఆటా ఉండగా ఈ గోల ఎందుకు?

అక్కడే ఆమె లెక్క తప్పింది.

ఫుసికి ఒక్కడే తమ్ముడు, ఐసాకె. పడవలు చెక్కుతాడు. ఆమె ఇంటికీ అతని ఇంటికీ మధ్య ఒక సీమపనస చెట్టు, దాటితే పన్నెండు అడుగులు. ఆ పన్నెండు అడుగుల్లో వాళ్ళిద్దరూ మనసు విప్పి మాట్లాడుకుని నలభై ఎనిమిదేళ్ళు. కొట్లాటేం లేదు. కొట్లాట ఉంటే ఏదో ఒకనాడు సర్దుకునేది. ఆమెకి పన్నెండేళ్ళు రాగానే తొమ్మిదేళ్ళ ఐసాకె పక్కచాప తీసుకెళ్ళి మగపిల్లల గుడిసెలో వేశారు, మా దగ్గర అందరికీ వేసినట్టే. ఆరోజు నుంచి అక్క పెద్దది. అక్క ముందు హాస్యం ఆడకూడదు, పక్కన కూర్చోకూడదు, ఒంటి సంగతి, మొగుడూ పెళ్ళాల సంగతి అక్క చెవిన పడనివ్వకూడదు. అక్క పడుకున్న గదిలో అడుగు పెట్టకూడదు. అక్క నోరు తెరిచి అడిగితే మాత్రం కాదనకూడదు. ఎంత దూరంగా మసలితే అంత ప్రేమ అని లెక్క. ఐసాకె ఆ లెక్కలో ఊళ్ళో అందరికన్నా ముందుండేవాడు. తానియెలా పోయినప్పుడు కూడా సమాధి తవ్వాడు, రాళ్ళు మోశాడు, ఊరందరికీ వంట చేయించాడు, అక్క ముఖంలోకి మాత్రం చూడలేదు. ఎలా ఉన్నావక్కా అని అడగలేదు. అడగడు, అంతే.

మొదట వెనకమెట్టు. చెక్క పుచ్చి కాలు దిగబడింది, ఇంకాస్తయితే నడుం విరిగేది అని ఒక సోమవారం రాసింది. బుధవారం చాపలల్లి ఇంటికొచ్చేసరికి మెట్టు కొత్తది. ఎవరో పుణ్యాత్ముడు అనుకుంది. తర్వాత ఆక్టోపస్. పుల్లల మీద ఎండబెట్టిన ఆక్టోపస్ తిని రెండేళ్ళయిందని ఊరికే, నోరూరి రాసింది. మూడోనాడు గుమ్మానికి ఒకటి వేలాడుతోంది, కొబ్బరి తాడుతో, పడవలు కట్టేవాళ్ళు వేసే ముడి వేసి. ఆ ముడి చూడగానే ఆమెకి తమ్ముడు గుర్తొచ్చాడు. బడిపంతులమ్మ కదా, తేల్చుకోకుండా ఉండలేకపోయింది. సముద్రం వైపు కిటికీ కీచుమంటోంది అని ఒక్క వాక్యం రాసి, మనిషన్నవాడికి ఎవరికీ ఆ మాట చెప్పకుండా, చాపలు అల్లడానికి వెళ్ళింది. సాయంత్రం వచ్చి కిటికీ తోసింది. చప్పుడు లేదు. బందులకి కొబ్బరినూనె కారుతోంది.

కుర్చీలో కూలబడింది. ఐదేళ్ళు. పదిహేనొందల పైచిలుకు ముక్కలు. ఆవిర్లు, చల్లటి పాదాలు, కెలేసి మామ్మ పెళ్ళిరాత్రి కథ, అన్నీ. తమ్ముడు చదివాడు. తల ఎక్కడ పెట్టుకోవాలి? చర్చిలో అతను, మా దగ్గర మర్యాదకి అందరూ చుట్టుకున్నట్టే, నడుముకి చాప చుట్టుకుని, తల వంచుకుని, ఆమె వరసకి నాలుగు వరసల వెనక కూర్చునే మనిషి. ఆరోజుతో రాయడం మానేసింది. ఆక్లండు నుంచి అడిగితే ల్యాప్‌టాప్ చెడిపోయిందని చెప్పింది. చూశారా, అబద్ధం కూడా వచ్చేసింది.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం వీకా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వీకా గట్టి మనిషి, ఆడబిడ్డ పెత్తనాన్ని ముప్ఫై ఏళ్ళుగా నవ్వుతూ నెట్టుకొచ్చిన మనిషి. ఆరోజు నవ్వలేదు. ఐసాకె కాలికి పుండట. షుగరు. పడవ దగ్గర ఉలి గీసుకుంది, రెండు నెలలైంది, మానలేదు, బొటనవేలు నల్లబడింది. ఇక్కడి ఆసుపత్రిలో చూసి, రాజధాని నూకుఅలోఫాలోని పెద్దాసుపత్రికి వెళ్ళి వేళ్ళు తీయించుకోవాలి, ఆలస్యం చేస్తే కాలు, ఇంకా ఆలస్యం చేస్తే మనిషి అన్నారు. వెళ్ళనంటున్నాడు. అతని స్నేహితుడొకడు ఇలాగే నడిచి ఓడెక్కి శవపెట్టెలో తిరిగొచ్చాడు. అది పట్టుకుని కూర్చున్నాడు.

"అక్క వెళ్ళమంది అని చెప్పు," అంది ఫుసి.

వీకా వెళ్ళి చెప్పింది. మర్నాడు ముఖం మాడ్చుకుని వచ్చింది. నా కాలి సంగతి మా అక్క చెవిన వేస్తావా అని అతను చెలరేగిపోయాడట. ముప్ఫై ఏళ్ళలో గొంతెత్తని మనిషి. చిన్న దెబ్బేనని, అక్కగారిని కంగారు పడొద్దని చెప్పమన్నాడట.

ఇక లాభం లేదని ఫుసి తానే బయల్దేరింది. ఉడికించిన పెండలం గిన్నె చేత్తో పట్టుకుని సీమపనస చెట్టు దాటింది. అతను అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. ఆమెని చూడగానే గుడ్డ కాలి మీదకి లాక్కుని, లేచి, తల వంచుకుని నిలబడ్డాడు. నల్లబడిన కాలి మీద నిలబడ్డాడు, నొప్పితో పెదవులు బిగుసుకున్నాయి. ఆమె నిలబడి ఉన్నంతసేపూ అతను కూర్చోడు. ఆమె నోరు తెరిచి నీ కాలు అంటే చాలు, అతనికి ప్రాణం పోయినంత పని. పెండలం తెచ్చాను అంది. మంచిదండీ అన్నాడు. వాన వచ్చేలా ఉంది అంది. ఔనండీ అన్నాడు. అతను ఇంకొక్క నిమిషం ఆ కాలి మీద నిలబడటం చూడలేక ఆమె వెనక్కి తిరిగి వచ్చేసింది. వంటింట్లో కూర్చుని ఏడ్చింది. వీకా వెనకాలే వచ్చింది, కాసేపు ఏడవనిచ్చింది.

"వదినా, నువ్వు రాయడం ఎందుకు మానేశావు?"

ఫుసి తలెత్తింది. "నీకు తెలుసా?"

"తెలీకేం. రోజూ పొద్దున్నే టీ తాగుతూ చదువుతాడు. ఇప్పుడు మూడు వారాలుగా ఫోను తీస్తాడు, చూస్తాడు, పెట్టేస్తాడు. నావల్లే మానేసింది, ఆక్టోపస్ కట్టకుండా ఉండాల్సింది అంటాడు."

"అన్నీ చదువుతాడా?"

"చదవకూడనివి వస్తే ఫోను బోర్లా పెట్టేసి అటు తిరిగి కూర్చుంటాడు. కాసేపాగి, అయిపోయిందేమో చూడవే అని నన్నడుగుతాడు." వీకాకి అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది. "మొదటి రోజు నించీ ఇంతే వదినా. అన్నయ్య పోయాక నువ్వెలా ఉన్నావో నిన్ను అడగలేడు కదా. రాశావంటే అన్నం తిన్నావని లెక్క. రాయని రోజున నన్ను పంపేవాడు, అక్క ఇంట్లో ఉప్పుందో లేదో చూసి రమ్మని."

నిజమే. ఐదేళ్ళుగా ఉప్పు ఉందా వదినా అంటూ వచ్చేది ఈ వీకా. మరదలికి మతిమరుపనుకుంది ఫుసి.

ఆ మర్నాడంతా ఆమె చాపలల్లడానికి వెళ్ళలేదు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఇంతకాలం రాసింది ఒక ఎత్తు. ఇప్పుడు రాయాల్సింది తమ్ముడు చదువుతాడని తెలిసి రాయాలి, ఆమెకి తెలుసని అతనికీ తెలుస్తుంది. అడ్డుగా ఉన్న తెర ఆమే తీసేస్తోంది. మా దీవుల్లో అక్క అన్నది చేసే పని కాదు అది. తీయకపోతే తమ్ముడు దక్కడు. ఐదు ముక్కలు రాసి ఐదూ చెరిపేసింది. ఆరోది ఇలా ఉంది.

"తానియెలా ఒక్కరోజులో పోయాడని మీ అందరికీ చెప్పాను. అది సగమే నిజం. పోయే ముందు నాలుగు నెలలుగా దగ్గితే రక్తం పడేది. ఎవరికీ చెప్పొద్దని నా చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. చెప్పలేదు. ఓడెక్కమని గట్టిగా అడగలేదు. అడిగితే నొచ్చుకుంటాడనుకున్నాను. నొచ్చుకోనివ్వాల్సింది. నొచ్చుకున్న మనిషైనా ఇంట్లో ఉండేవాడు. ఆయన మాట నిలబెట్టాను, ఆయన్ని నిలబెట్టుకోలేకపోయాను. మర్యాద అనుకుని నోరు మూసుకున్నాను. అది మర్యాద కాదు, భయం.

శుక్రవారం ఓడలో నూకుఅలోఫా వెళుతున్నాను. రెండు చాపల కట్టలు ఉన్నాయి. ఒక్కదాన్నే మోయలేను. మా అమ్మ కడుపున పుట్టినవాడు నాకు ఒక్కడే ఉన్నాడు. వచ్చి మోయమని అడుగుతున్నాను. నేను అతన్ని ఇంతవరకూ ఏదీ అడగలేదు. రాకపోతే ఓడ వెళ్ళిపోయాక కూడా నేను రేవులోనే కూర్చుని ఉంటాను."

పెట్టేసింది. ల్యాప్‌టాప్ మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది.

శుక్రవారం పొద్దున రేవుకి వెళితే సగం ఊరు అక్కడే ఉంది. అందరూ చదివారు మరి. ఎవరూ చదివామని అనలేదు. కొందరికి చుట్టాలు వస్తున్నారట, కొందరికి సామాను వస్తోందట, కెలేసి మామ్మకైతే గాలి మార్పు కావాలట, సంచీతో సహా దిగింది. ఫుసి చాపల కట్ట మీద కూర్చుంది. ఓడలోకి పందుల్ని ఎక్కించారు, సిమెంటు బస్తాలు ఎక్కించారు, మనుషులు ఎక్కారు. ఓడ కూత వేసింది. ఆమె రోడ్డు వైపు చూడకూడదనుకుని రోడ్డు వైపే చూస్తోంది. రాడేమో. వస్తే ఊరందరి ముందూ కుంటుతూ రావాలి. అక్క చూస్తుండగా కుంటాలి.

వచ్చాడు. నడుముకి మంచి చాప చుట్టుకుని, చర్చికి వచ్చినట్టు వచ్చాడు. కాలికి గుడ్డ కట్టి ఉంది, వీకా భుజం పట్టుకుని ఉన్నాడు. ఆమె ముందుకు వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. "ఏ కట్టండీ?" అన్నాడు. అంతే అన్నాడు. ఆ కాలితో ఆ బరువు ఎత్తుతాడేమోనని ఫుసి కట్ట మీద చెయ్యి వేసి పట్టుకుంది. అడిగింది తనే కదా, వద్దని ఎలా అంటుంది? కెలేసి మామ్మ ఎప్పుడు వచ్చిందో, చాపలల్లే ఆడవాళ్ళు ఆరుగురు ఎప్పుడు వచ్చారో, పెద్ద కట్టలు రెండూ గాల్లోకి లేచిపోయాయి. మామ్మ తన సంచీలోంచి కూర్చునే చాప ముక్కొకటి, మోచెయ్యంత ఉంటుంది, తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది నీ అక్కదేనోయ్, జాగ్రత్తగా మొయ్యి," అంది. ఐసాకె దాన్ని రెండు చేతులా పట్టుకుని ఓడెక్కాడు. అక్క అడిగింది మోశాడు. మాట దక్కింది.

ఓడలో అతను ముందువైపు, ఆమె వెనకవైపు. మధ్యలో వీకా ఒక రోజంతా ఇటూ అటూ తిరిగింది. ఆయనకి దాహం వేస్తోందా అని ఇక్కడ, ఆవిడకి కడుపులో తిప్పుతోందా అని అక్కడ. అక్క దగ్గరికి ఏ మాటా మోయొద్దన్న మనిషే ఇప్పుడు ఆవిడ పడుకుందా లేదా అని గంటకోసారి అడుగుతున్నాడని చెప్పింది.

పెద్దాసుపత్రిలో మూడు వేళ్ళు తీశారు. ఇంకో వారం ఆలస్యమైతే మోకాలిదాకా పోయేదన్నారు. కాలు నిలిచింది. మనిషి నిలిచాడు. ఆ మాట వీకా వచ్చి చెప్పినప్పుడు ఫుసి బయట గోడ పక్కన, నీడలో చాప పరుచుకుని కూర్చుని ఉంది. తమ్ముడు కాలు బయటపెట్టుకు పడుకున్న గదిలోకి అక్క ఎలా వెళుతుంది? తెర ఒకచోట తీసినంత మాత్రాన అన్నిచోట్లా తీసేస్తామా? దేవుడా అని ఒక్కసారి కళ్ళు మూసుకుంది. అతనున్న మంచం కిటికీ ఆమె తలకి పైనే ఉంది, గాజు పలకల కిటికీ, తెరిచే ఉంది.

రెండో రోజు అతను ఏమీ తినడం లేదంది వీకా. మూడో రోజూ తినలేదు. గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు, మూడు వేళ్ళు లేని కాలితో పడవ మీద ఎలా నిలబడతానని ఆలోచిస్తున్నాడు. ఫుసి వీకా ఫోను అడిగి తీసుకుంది. ఆ చిన్న అక్షరాల మీద అరవయ్యేళ్ళ వేళ్ళతో పొడుస్తూ పొడుస్తూ రాసింది. ఓడలో కెలేసి మామ్మకీ వంటవాడికీ మధ్య జరిగిన వ్యవహారం. గాలి మార్పు కావాలన్న మామ్మ, ఓడ ఊగినప్పుడల్లా అతని నడుం పట్టుకుని, ఊగనప్పుడు కూడా పట్టుకుని, చివరికి అతను నీ వయసెంతమ్మా అంటే, ఏ భాగానిది అడుగుతున్నావు అన్న సంగతి. ఆ తర్వాత వంటవాడి జవాబు. అది ఇక్కడ రాయను, నేనూ ఒకళ్ళకి అక్కనే. ఫుసి రాసింది. తమ్ముడి ముందు ఏ అక్కా అనని మాట, తమ్ముడు చదువుతాడని తెలిసి, పూసగుచ్చినట్టు రాసింది. నొక్కాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, నొక్కేసింది. ఫోను వీకా చేతికిచ్చి లోపలికి పంపింది.

అవతల రోడ్డు మీద బస్సు వెళ్ళింది. ఎవరో కొబ్బరిబోండాలు కొడుతున్నారు.

ఉన్నట్టుండి పై కిటికీలోంచి ఒక నవ్వు. మామూలు నవ్వు కాదు. ముక్కుతో మొదలై, గొంతులోకి దిగి, ఊపిరాడక మధ్యలో ఎగశ్వాస తీసుకుని మళ్ళీ మొదలయ్యే నవ్వు. మంచం కిర్రుమంటోంది. నర్సు ఏదో కసురుతోంది. నవ్వు ఆగడం లేదు. ఎవరో మోటు మనిషి, ఆసుపత్రి అన్న జ్ఞానం లేదు అనుకుంది ఫుసి. ఒంట్లో బాగోని వాళ్ళు పడుకున్నచోట.

వీకా బయటికొచ్చింది, అరచేత్తో కళ్ళు తుడుచుకుంటూ.

"ఆ గదిలో అంతలా నవ్వేది ఎవరే?" అంది ఫుసి. "నీ మొగుడికి కాస్త నిద్రైనా పట్టనిస్తున్నాడా?"

వీకా ఆమె ముఖంలోకి చూసి, చాప మీద పక్కనే కూర్చుంది.

"ఆయనే వదినా. ఆయన అలాగే నవ్వుతాడు."

ఇంటి దగ్గర అక్క వింటుందని ఎప్పుడూ గొంతెత్తి నవ్వలేదు. పన్నెండు అడుగుల దూరంలో నలభై ఎనిమిదేళ్ళు ఉండి కూడా, తమ్ముడి నవ్వు ఎలా ఉంటుందో ఫుసి ఎరగదు. ఆమె గోడకి వీపు ఆనించి, నోటి మీద చెయ్యి పెట్టుకుని, అది అయిపోయేదాకా వింది.